దారం కొస పట్టుకున్న పిల్లగాడు: చాక్ లైన్ వెనక ఇంత చరిత్ర ఉందా?

సూత్రం అనగానే మీకేం గుర్తొస్తుంది? టెన్త్‌లో బట్టీ పట్టిన లెక్కల సూత్రాలు గుర్తొస్తాయి. పెళ్లి వీడియోలో మంగళసూత్రం గుర్తొస్తుంది. న్యూస్ యాప్ తెరిస్తే "ప్రధాన సూత్రధారి పరారీ" అని ఒక హెడ్డింగ్ కనబడుతుంది. ఈ మూడు మాటల్లోనూ ఉన్నది ఒకటే వస్తువు. దారం. సూత్రం అంటే ముందు దారం, ఆ తర్వాతే మిగతా అర్థాలన్నీ. ఆ దారాన్ని ఇప్పటికీ రోజూ చేత్తో పట్టుకుని పనిచేసే మనుషులు ఉప్పల్‌లో, నాచారంలో ఎంతమంది ఉన్నారో మనం లెక్కపెట్టం. ఈరోజు ఎపిసోడ్ వాళ్ల చేతిలోని దారం గురించి.

ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర్నుంచి నాచారం వైపు ఒకసారి నెమ్మదిగా నడవండి. మెట్రో పిల్లర్ల నీడ దాటగానే ప్లైవుడ్ షాపులు, హార్డ్‌వేర్ షాపులు, టింబర్ డిపోలు, లోపల గల్లీల్లో రంపం మిషన్ల చప్పుడు. ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా కౌంటర్ వెనక మేకులకు వేలాడదీసిన ఒక చిన్న డబ్బా కనబడుతుంది. అరచేతిలో పట్టేంత ఉంటుంది, నీటిబొట్టు ఆకారం, పక్కన తిప్పే పిడి, ముక్కు దగ్గర చిన్న కొక్కెం. లోపల దారం చుట్టి ఉంటుంది, ఆ దారం చుట్టూ రంగు పొడి. దీన్నే చాక్ లైన్ అంటారు. పాత మేస్త్రీలు లైన్ దోరి అంటారు, కొంతమంది ఒట్టి దారం అనే అంటారు.

పనిచేసే పద్ధతి మీరు చూసే ఉంటారు. రెండు గుర్తుల మధ్య దారాన్ని బిగువుగా లాగి పట్టుకుంటారు. మధ్యలో రెండు వేళ్లతో నిట్టనిలువుగా పైకెత్తి టప్పున వదిలేస్తారు. పొడి దులిపి, చెక్క మీద గీత పడుతుంది. సెకను పని. కానీ ఆలోచించండి, మీ ఇంట్లో ఎంత పెద్ద స్కేలు ఉంది? ఒక అడుగు. మేస్త్రి దగ్గర అల్యూమినియం పట్టీ ఉంటే ఆరడుగులు, ఎనిమిదడుగులు. ఇరవై అడుగుల గీత గీయాలంటే? ఇరవై అడుగుల స్కేలు ఎక్కడా దొరకదు. దొరికినా దాన్ని ఎత్తుకుని మెట్లెక్కలేరు. బిగించిన దారం మాత్రం ఎంత పొడవున్నా తిన్నగా ఉంటుంది, పని అయ్యాక జేబులో పడుతుంది. మనిషి చేసిన పరికరాల్లో ఇంత చవకది, ఇంత కచ్చితమైనది మరొకటి చెప్పమంటే నాకు చాలాసేపు పడుతుంది.

ఇక్కడ చిన్న భాషా ప్రయాణం చేద్దాం. నాకు ఈ ఎపిసోడ్‌లో బాగా నచ్చిన భాగం ఇది.

గోడ నిలువుగా ఉందో లేదో చూసే పరికరాన్ని తెలుగులో గుండునూలు అంటాం. గుండు, నూలు. బరువు, దారం. అంతే, పేరులోనే తయారీ విధానం చెప్పేశారు. అదే పరికరాన్ని హైదరాబాద్ సైట్లలో సాహుల్ అంటారు, అది అరబిక్ నుంచి ఫారసీ, ఉర్దూల మీదుగా వచ్చిన మాట. మూల సరిగ్గా 90 డిగ్రీలు ఉందో లేదో చూసేది మూలమట్టం. దాన్ని ఇక్కడ గునియా అంటారు. ఈ గునియా ఎక్కణ్నుంచి వచ్చిందో తెలుసా? గ్రీకు నుంచి. గ్రీకులో గోనియా అంటే మూల, కోణం. ఇంగ్లిష్‌లో పాలిగాన్, ట్రిగొనామెట్రీ అని చదువుకున్నారు కదా, అందులో ఉన్నది ఈ గోనియానే. అది ఫారసీలోకి వచ్చి, ఉర్దూలోకి వచ్చి, నాచారం వర్క్‌షాపులో మేస్త్రి చేతిలోకి వచ్చింది. "అరే, గునియా ఇటియ్యి" అన్నప్పుడు ఆయన గ్రీకు మాట్లాడుతున్నాడన్నమాట.

ఇప్పుడు మన దారానికి వద్దాం. వడ్రంగి పని జరిగేచోట పది నిమిషాలు నిలబడితే ఒక మాట తప్పకుండా వినబడుతుంది. "రెండు సూత్‌లు తియ్యి", "ఒక సూత్ తక్కువైంది". సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. మిల్లీమీటర్లలో చెప్తే 3.175. దేశంలో 1956లో మెట్రిక్ కొలతల చట్టం వచ్చింది, స్కూల్లో మనకు సెంటీమీటర్లే నేర్పారు, కానీ ప్లైవుడ్ పలక ఇప్పటికీ 8 అడుగులు, 4 అడుగులు. దాన్ని కోసే మనిషి నోట్లో ఇప్పటికీ సూత్. ఈ సూత్ అన్నది హిందీ, ఉర్దూల్లో దారం పేరే, సూత్రం నుంచి వచ్చిందే. తమిళనాడులో వడ్రంగులు ఇదే కొలతను నూల్ అంటారు, అంటే మళ్లీ దారమే. రెండు వేర్వేరు భాషా కుటుంబాల వాళ్లు అంగుళంలో ఎనిమిదో వంతుకు దారం పేరు పెట్టుకున్నారు. మన తెలుగులోనూ తేడా చాలా తక్కువ అని చెప్పాలంటే "నూలుపోగంత" అంటాం కదా.

ఇంకొక మెట్టు ఎక్కుదాం. ఈమధ్య హైదరాబాద్ ఇంటీరియర్ పనుల్లో రాజస్థాన్ నుంచి వచ్చిన వడ్రంగులు చాలామంది ఉన్నారు. వాళ్లలో చాలామంది ఇంటిపేరు సుతార్. మరాఠీలో, గుజరాతీలో కూడా వడ్రంగికి దాదాపు ఇదే పేరు. బెంగాల్‌లో సూత్రధర్. ఇవన్నీ సంస్కృతంలోని సూత్రధార నుంచి వచ్చిన పేర్లు, అంటే దారం పట్టినవాడు. మన వడ్రంగి అన్న మాట వేరు, అది సంస్కృతంలోని వర్ధకి నుంచి వచ్చింది, హిందీ బఢయీకి కూడా మూలం అదే. అంటే ఉప్పల్‌లో ఒకే ఫ్లాట్‌లో పక్కపక్కన పనిచేస్తున్న తెలుగు వడ్రంగి పేరులో కోత ఉంది, రాజస్థానీ సుతార్ పేరులో దారం ఉంది. వాళ్లిద్దరికీ ఆ సంగతి చెప్తే నవ్వి, "ముందు ఆ షీటు పట్టుకో అన్నా" అంటారు. అదీ నిజమే.

సరే, ఈ దారం ఎంత పాతది? ఇక్కడ చరిత్రకు ఒక ఇబ్బంది ఉంది. రాయి మిగులుతుంది, ఇనుము తుప్పు పట్టినా ముక్కగానైనా మిగులుతుంది. దారం కుళ్లిపోతుంది. ఇళ్లు కట్టిన మనిషి ముఖ్యమైన పరికరం తవ్వకాల్లో దాదాపు దొరకదు. అది వేసిన గీత దొరుకుతుంది.

ఈజిప్టు సమాధుల గోడల మీద అలాంటి గీతలు ఇప్పటికీ కనబడతాయి. ఎర్రమట్టిలో ముంచిన దారాన్ని గోడకు బిగించి కొట్టి, గళ్లు గీసుకుని, ఆ గళ్ల లెక్కలో బొమ్మలు వేశారు. బొమ్మ పూర్తికాని గోడల మీద ఆ ఎర్ర గళ్లు అలాగే ఉండిపోయాయి. కొన్నిచోట్ల దారం తగిలినచోట రంగు చిందిన చుక్కలు కూడా చూడొచ్చు. గుడి కట్టడానికి ముందు అక్కడ దారం లాగే వేడుక ఒకటి ఉండేది. రాజు స్వయంగా, సెషాత్ అనే దేవత తోడుగా దారం పట్టినట్టు శిల్పాలు చెక్కారు. మన దగ్గర కొబ్బరికాయ కొట్టి శంకుస్థాపన చేసినట్టు, వాళ్లకు దారం లాగడం.

మన వైపు వస్తే శుల్బ సూత్రాలు ఉన్నాయి. శుల్బం అంటేనే తాడు. యజ్ఞవేదికలను నేల మీద కొలతకు గీయడానికి మేకులు, తాడు వాడే పద్ధతులు వాటిలో ఉన్నాయి. బౌధాయనుడు, ఆపస్తంబుడు, ఈ పేర్లు మీరు వినే ఉంటారు. ఆపస్తంబుడి పద్ధతిలో పెద్ద వేదికకు 15, 36, 39 కొలతల తాడు వాడతారు. 15 వర్గం 225, 36 వర్గం 1296, కలిపితే 1521, అది సరిగ్గా 39 వర్గం. అంటే తాడును ఆ మూడు కొలతలకు గుర్తులు పెట్టి లాగితే మూల పక్కాగా 90 డిగ్రీలు వస్తుంది. ఇది చదివి "అబ్బో ప్రాచీన గణితం" అని పొంగిపోవడం సులువు. దానికన్నా నాకు ఆశ్చర్యం కలిగించేది ఇంకోటి. నాచారంలో టైల్స్ వేసే మేస్త్రి గది మూల సరిచూసుకోవడానికి ఒకవైపు 3 అడుగులు, ఇంకోవైపు 4 అడుగులు గుర్తు పెట్టి, మధ్యలో 5 వచ్చిందా అని టేపుతో చూస్తాడు. ఆయన ఏ సూత్రాన్నీ చదవలేదు. ఆయనకు వాళ్ల గురువు నేర్పాడు, ఆ గురువుకు ఇంకో గురువు. పుస్తకం ఒక దారిలో వచ్చింది, చేతిపని ఇంకో దారిలో వచ్చింది, లెక్క మాత్రం ఒకటే. చేతిపని దారి గురించి మన చరిత్ర పుస్తకాల్లో ఒక పేజీ కూడా ఉండదు, అది నాకు నచ్చదు.

నాట్యశాస్త్రం తెలుసు కదా. అందులో రెండో అధ్యాయం నాటకశాల కట్టడం గురించి. స్థలాన్ని తెల్ల దారంతో కొలవాలి అని ఉంది. పత్తితోనో, నారతోనో, గడ్డితోనో పేనిన దారం, ఎక్కడా తెగకూడదు. తెగితే? సగంలో తెగితే కట్టించే యజమానికే ప్రాణగండం అని, ఇంకోచోట తెగితే దేశానికే కీడు అని, ఒక పెద్ద హెచ్చరికల వరస ఉంది. చేతిలోంచి జారినా నష్టమే. ఇవాళ చదివితే మూఢనమ్మకంలా ఉంటుంది. కానీ దీన్ని ఒక మేస్త్రి కళ్లతో చదవండి. పునాది గీసే రోజున పాత దారం తేకు, నాసిరకం దారం తేకు, ధ్యాస పక్కకు పోనివ్వకు అని కుర్రాడికి ఎలా చెప్పాలి? ఇలా చెప్తే జన్మలో మరిచిపోడు.

నాటకంలో సూత్రధారుడు అనే పాత్ర కూడా ఈ దారం దగ్గర్నుంచే వచ్చిందని ఒక వాదన ఉంది. రంగస్థలం కొలిచి కట్టించేవాడే నాటకాన్నీ నడిపేవాడు కాబట్టి ఆ పేరు నిలిచిందంటారు. కాదు, ఆడే బొమ్మల దారాలు పట్టుకున్నవాడు కాబట్టి అని ఇంకో వాదన. నేను మొదటి వాదన వైపే మొగ్గుతాను. ఎందుకంటే గుళ్లు కట్టిన స్థపతులకు కూడా ఈ బిరుదు ఉంది. కర్ణాటకలో పట్టదకల్లు విరూపాక్ష ఆలయం చూశారా? 8వ శతాబ్దపు చాళుక్యుల గుడి. అక్కడి శాసనాల్లో సర్వసిద్ధి ఆచారి అనే ఆయన్ను దక్షిణ దేశపు సూత్రధారి అని చెప్పుకున్నారు. రాజు బిరుదుల పక్కన దారం పట్టినవాడి పేరు కూడా రాయి మీద నిలిచింది, అది చాలా అరుదు.

బయటి ప్రపంచంలో త్వరగా ఒక చుట్టు వేసొద్దాం. హోమర్ ఒడిస్సీలో ఐదో భాగంలో ఒడిస్సియస్ తెప్ప కట్టుకుంటాడు. ఇరవై చెట్లు నరికి, చెక్కి, దారం పెట్టి తిన్నగా చేసుకుంటాడు. అంతటి వీరుడి చేతిలోనూ వడ్రంగి దారం ఉంది. చైనాలో, జపాన్‌లో పొడికి బదులు సిరా వాడారు. జపాన్‌వాళ్ల సుమిత్సుబో అయితే చూడ్డానికి చిన్న కొయ్య పడవలా ఉంటుంది. ఒక గుంటలో సిరాలో తడిపిన దూది, ఇంకోవైపు చక్రం, దారం ఆ దూదిలోంచి సాగి బయటకు వస్తుంది. వడ్రంగులు దాని మీద కొంగలు, తాబేళ్లు, డ్రాగన్లు చెక్కుకునేవాళ్లు. ఫోన్‌కు కవర్ ఎలా సెలెక్ట్ చేసుకుంటామో అలా.

చైనా వడ్రంగులు తమ కులగురువుగా లూ బాన్‌ను కొలుస్తారు, మనవాళ్లు విశ్వకర్మను కొలిచినట్టు. దారం చివర ఉండే కొక్కెం గురించి వాళ్లకు ఒక కథ ఉంది. లూ బాన్ గీత కొట్టేటప్పుడల్లా వాళ్లమ్మ దారం రెండో కొస పట్టుకునేదట. ముసలి ప్రాణం ఎంతసేపని పట్టుకుంటుంది? ఒకరోజు ఆమె ఆలోచించి, దారం కొసకు చిన్న కొక్కెం కట్టించింది. అప్పట్నుంచి ఆ కొక్కేనికి "బాన్ వాళ్లమ్మ" అని పేరు. కథే అనుకోండి. కానీ ఈ కథ మధ్యలో ఒక నిజం ఉంది, దాని కోసమే ఇదంతా చెప్పాను.

దారానికి రెండు కొసలు. ఒక కొస మేస్త్రి పట్టుకుంటాడు. మరి రెండో కొస?

మన ఊళ్లలో ఆ రెండో కొస పట్టుకున్నది పిల్లగాడు. వడ్లాయన కొడుకో, తమ్ముడో, పనికి చేరిన కుర్రాడో. ఉప్పల్ అంటే ఇవాళ మనకు స్టేడియం, మెట్రో. కానీ నిన్నమొన్నటి వరకు ఇవి మూసీ పక్కన పొలాల ఊళ్లు. భగాయత్ అన్న పేరులోనే తోటభూములు అని ఉంది. అలాంటి ప్రతి ఊళ్లో వడ్లాయన నాగలి చేసేవాడు, బండి చేసేవాడు, గడప, దర్వాజ చేసేవాడు. కూలీగా పంట మీద గింజలు, మేర కొలిచేవాళ్లు. అతని దగ్గర దారం ఇంట్లో వడికిన నూలే, రంగు వాకిలికి పూసే జాజే. కుర్రాడు కొస పట్టుకుని కూచునేవాడు. అలా రెండేళ్లు దారం పట్టుకుంటే కొలత ఎక్కడ పెడుతున్నాడు, కొయ్యలో ఈనె ఎటు పోతోంది, ఎక్కడ వంపు ఉంది, ఇవన్నీ అడక్కుండానే కంటికి అలవాటయ్యేవి. బాడిస చేతికివ్వడం ఆ తర్వాతే.

తర్వాత పట్నం పెరిగింది. 1893లో లాలాగూడలో నిజాం రైల్వే వర్క్‌షాప్ వచ్చింది. ఆ కాలపు రైలుపెట్టెల పైభాగం చాలావరకు కొయ్యదే, కాబట్టి రైల్వేకు లోహపు పనివాళ్లతో పాటు వడ్రంగులూ కావాల్సి వచ్చారు. ఊళ్లో మేర గింజలు తీసుకున్న కుటుంబాల్లోంచి నెల జీతం తీసుకునే మనుషులు పుట్టారు. 1955లో మద్రాసు దగ్గర పెరంబూరులో ఉక్కు పెట్టెల ఫ్యాక్టరీ మొదలైంది, మెల్లగా కొయ్య పెట్టెల కాలం పోయింది.

నాచారానికి ఇంకో వైభవం ఉంది. 1970ల్లో ఎన్టీఆర్ ఇక్కడే స్టూడియో పెట్టారు, రామకృష్ణ స్టూడియో. ఆయన తీసిన దానవీరశూరకర్ణ 1977 జనవరి 14న విడుదలైంది, 43 రోజుల్లో షూటింగ్ పూర్తిచేశారని చెప్పుకుంటారు. డైలాగుల గురించి అందరం మాట్లాడతాం. పౌరాణిక సినిమాకు కావాల్సిన రాజసభలు, మందిరాలు ఎవరో కొయ్యతో, ప్లాస్టర్‌తో నిలబెట్టాలి కదా. సెట్ వేసేటప్పుడు మొదటి పని స్టూడియో నేల మీద ప్లాను గీయడం, ఇక్కడ గోడ, ఇక్కడ స్తంభం అని. ఆ గీతలు దారంతోనే కొడతారు. మయసభ అయినా సుద్దగీత మీదే నిలబడుతుంది.

ఇక ఉప్పల్‌లో నాకు ఇష్టమైన కాంపౌండ్ సర్వే ఆఫ్ ఇండియాది. 1967లో మొదలైన సర్వే శిక్షణ కేంద్రం అక్కడ ఉంది, దేశం నలుమూలల నుంచి వచ్చి భూమి కొలవడం నేర్చుకున్నారు. మన వడ్రంగి దారానికి ఇది పెద్దన్న కథ. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ వద్ద మొదటి ఆధారరేఖ కొలిచాడు, సుమారు ఏడున్నర మైళ్లు. దారం సాగుతుంది కాబట్టి వంద అడుగుల ఉక్కు గొలుసు వాడాడు. ఎండకు ఉక్కు కూడా పొడవు పెరుగుతుంది కాబట్టి గొలుసును కొయ్య పెట్టెల్లో పరిచి, థర్మామీటర్లు పెట్టి లెక్క సరిచేశాడు. అదే తర్వాత గ్రేట్ ట్రిగొనొమెట్రికల్ సర్వే అయింది. ఎవరెస్ట్ శిఖరానికి ఎవరి పేరు పెట్టారో ఆ జార్జ్ ఎవరెస్ట్ 1818లో లాంబ్టన్ దగ్గర అసిస్టెంట్‌గా చేరింది హైదరాబాద్‌లోనే. ట్రిగొనొమెట్రికల్ అన్న పేరులో మళ్లీ మన మేస్త్రి గునియా ఉంది, గమనించారా?

ఆ గొలుసు మీ ఇంటి కాగితాల్లోనూ ఉంది. 1620లో ఎడ్మండ్ గంటర్ రూపొందించిన సర్వే గొలుసు పొడవు 66 అడుగులు. దాని సగం 33. ఇప్పుడు 33 అడుగుల చదరం వేయండి, 1089 చదరపు అడుగులు, అంటే 121 గజాలు. అదే మన గుంట! 40 గుంటలు ఒక ఎకరం. 2019లో ఉప్పల్ భగాయత్ ప్లాట్లు వేలం వేసినప్పుడు గజం రేటు గురించి ఊరంతా మాట్లాడుకుంది. గజం వెనక గొలుసు, గొలుసు వెనక దారం.

ఇప్పుడు అసలు విషయం. ఈ ఎపిసోడ్ చేయడానికి కారణం ఒక తమ్ముడు. 19 ఏళ్లు, ఉప్పల్‌లో ఉంటాడు, ఇంటర్ అయ్యాక వాళ్ల మేనమామ దగ్గర ఇంటీరియర్ పనిలో చేరాడు. "అన్నా, మా మామ పాత దారమే వాడతడు. నేను డబ్బా కొందామనుకుంటున్న. షీటు తప్పు కోస్తే నా కూలీల కెళ్లి కట్ చేస్తడు. ఏది కొనాలె?" అని రాశాడు. చూడ్డానికి చిన్న ప్రశ్న. కానీ ఎనిమిదడుగుల షీటు ఒక సూత్ వంకర పోతే వార్డ్‌రోబ్ తలుపు మూసుకోదు, ఆ షీటు వృథా, అతని రెండుమూడు రోజుల కూలీ వృథా. నాకు తెలిసిన ఒక పెద్ద మేస్త్రిని అడిగాను, నాచారంలో నలభై ఏళ్లుగా పనిచేస్తున్నాడు. నేను కాకా అంటాను. ఆయన చెప్పినవి, నేను చదివినవి కలిపి చెప్తాను.

ముందు దారం చూడు, డబ్బా తర్వాత. కాకా మాట ఇది: "డబ్బా సోకు జూసి కొంటరు బిడ్డా, గీత ఏసేది దారం." లావు దారం ఎక్కువ పొడి మోస్తుంది, గీత దట్టంగా కనబడుతుంది, కానీ గీతే ఒకటిన్నర మిల్లీమీటర్ల వెడల్పు ఉంటే రంపం దాని కుడిపక్క పోవాలా ఎడమపక్క పోవాలా? సిమెంటు నేల మీద, స్లాబు మీద పనిచేసేవాళ్లకు లావు దారం సరిపోతుంది. ప్లైవుడ్, టేకు కోసేవాడికి సన్న దారం కావాలి, అర మిల్లీమీటరు చుట్టుపక్కల. నైలాన్ దారం తెగదు కానీ సాగుతుంది. లాగి చూడు, రబ్బరులా అనిపిస్తే పక్కన పెట్టెయ్. అల్లిన దారం పేనిన దారం కన్నా తక్కువ మెలికపడుతుంది.

తర్వాత పొడి రంగు. ఇక్కడే చాలామంది డబ్బులు పోగొట్టుకుంటారు. ఎరుపు పొడిలో రంగు ఇనుప ఆక్సైడ్, ఈజిప్టు గోడల మీద వేల ఏళ్లుగా ఉన్నదీ, మన జాజులో ఉన్నదీ అదే. పోదు. వానకు తడిసే చోట అది వరం. లేతరంగు వెనీర్ మీద కొట్టావంటే మాత్రం పాలిష్ కిందకు కూడా గులాబీ చార కనబడుతుంది. నీలం మామూలు పనికి, తుడిస్తే చాలావరకు పోతుంది. పైకి కనబడే పనికి తెలుపు అన్నిటికన్నా సేఫ్, ముదురు లామినేట్ మీద బాగా కనబడుతుంది కూడా. వాళ్ల మామ పాత దారానికి పట్టించేది బట్టల నీలిమందు అయి ఉంటుంది. పక్కదారి పడుతున్నాను కానీ, ఆ నీలం కథ కూడా గొప్పది. అల్ట్రామెరైన్ అనే ఆ రంగును ఒకప్పుడు అఫ్ఘనిస్తాన్ నుంచి వచ్చే రాయిని నూరి తీసేవాళ్లు. 1820ల్లో ఫ్రాన్స్‌లో కృత్రిమంగా తయారుచేశారు, అందుకే చివరికి మన బట్టల బకెట్‌లోకి వచ్చింది.

డబ్బా సంగతి. తిప్పే పిడికి పళ్లచక్రాలు ఉన్న రకం త్వరగా చుట్టుకుంటుంది, ఒక చుట్టుకు లోపల మూడు చుట్లు. ఫాల్స్ సీలింగ్, టైల్స్ వాళ్లకు, రోజంతా ముప్పై మీటర్ల దారం లాగేవాళ్లకు అది కావాలి. ఎనిమిదడుగుల షీట్లు కోసే తమ్ముడికి అక్కర్లేదు, ఆ డబ్బు మంచి దారం మీద పెట్టుకోవచ్చు. కొక్కెం మాత్రం బాగుండాలి, చెక్క అంచుకు పట్టి జారకూడదు. మొనదేలిన డబ్బాను గుండునూలుగా కూడా వాడొచ్చు అని అమ్ముతారు. దగ్గర పనికి ఫర్వాలేదు, ఎత్తు గోడకు నిజమైన సాహుల్ వాడాలి.

షాపులోనే టెస్ట్ చేయొచ్చు. రెండు గుర్తులు పెట్టి, అదే రెండు గుర్తుల మీద మూడుసార్లు గీత కొట్టు. మూడూ ఒకటిగా పడితే తీసుకో. విడివిడిగా పడితే దారమైనా బాగాలేదు, చెయ్యైనా పక్కకు లాగుతోంది. చాలాసార్లు చెయ్యే. దారాన్ని పలకకు నిట్టనిలువుగా ఎత్తి వదలాలి, కొంచెం పక్కకు లాగినా గీత విల్లులా వంగుతుంది. దారం బయటకు లాగాక ఒకసారి గాల్లో విదిలించి, ఎక్కువ పొడి రాల్చి అప్పుడు కొట్టాలి. పొడవు ఎక్కువైతే మధ్యలో బొటనవేలితో నొక్కి, అటు సగం, ఇటు సగం విడిగా కొట్టాలి.

గోడ మీద అడ్డగీత కొట్టేవాళ్లకు ఒక లెక్క. మీటరుకు 0.8 గ్రాముల బరువున్న దారాన్ని మూడు కిలోల బలంతో లాగి పది మీటర్లకు పట్టుకుంటే, మధ్యలో మూడు మిల్లీమీటర్ల పైనే కిందకు వంగుతుంది. అంటే దాదాపు ఒక సూత్. అదే లాగుడుతో ఇరవై మీటర్లు పట్టుకుంటే వంపు రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. నేల మీద అయితే ఈ బాధ లేదు, నేలే మోస్తుంది.

"మరి లేజర్ ఉందిగా అన్నా" అంటారు. ఉంది, బాగుంటుంది. దారంలా వంగదు. కానీ దూరం పెరిగేకొద్దీ లేజర్ గీత లావవుతుంది, మధ్యాహ్నం ఎండలో కనబడదు, ఎవరైనా స్టాండుకు కాలు తగిలిస్తే గీతే మాయం. కాకా వాళ్ల టీమ్‌లో లేజర్ వేసి, రెండు చివర్లా గుర్తు పెట్టుకుని, ఆ గుర్తుల మీద దారం కొట్టి లేజర్ ఆపేస్తారు. నాకు అదే సరైన పద్ధతి అనిపించింది.

డబ్బుల సంగతి కూడా చెప్పాలి. 2023 సెప్టెంబర్ 17న కేంద్రం పీఎం విశ్వకర్మ పథకం మొదలుపెట్టింది. 18 చేతివృత్తుల జాబితాలో వడ్రంగం ఉంది. అక్కడ ఆ వృత్తి పక్కన రాసిన పేర్లు సుతార్, బఢయీ. దారం పట్టినవాడు, కోసేవాడు, ఇద్దరూ ఉన్నారు. శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సాయం, తర్వాత తక్కువ వడ్డీకి రుణం అని నిబంధనల్లో ఉంది. తమ్ముడూ, నీ ఆధార్ పట్టుకుని దగ్గర్లోని కామన్ సర్వీస్ సెంటర్‌లో అడుగు. అర్హతలు అక్కడ చూసుకో.

కాకాను చివరగా ఒకటి అడిగాను. కొక్కెం ఉన్న డబ్బాలు వచ్చాయి కదా, మంచిదే కదా, ఒక్కడే పని చేసుకోవచ్చు అని. ఆయన కొంచెంసేపు ఆలోచించాడు. "మంచిదే. ఒక కూలీ మిగులుతది. గని ఆ కూలీ పిల్లగాడే గద బిడ్డా, కొస వట్టుకొని పని నేర్సుకునేటోడు. ఇప్పుడు నా తాన నేర్సుకునేటోడు లేడు, కొక్కెం ఉంది" అన్నాడు. చుట్టుపక్కల చాలా ఇళ్లకు ఇప్పుడు అల్మారాలు ఫ్యాక్టరీలో కంప్యూటర్ రంపం కోసి, డబ్బాల్లో వస్తున్నాయి. గోడలు మాత్రం వంకరగానే ఉంటాయి కాబట్టి, బిగించేటప్పుడు సందులు సరిచేయడానికి ఆయన్ను పిలుస్తారు. ఆ తమ్ముడి నంబర్ కాకాకు ఇచ్చాను, కాకా నంబర్ తమ్ముడికి ఇచ్చాను. ఆదివారం వెళ్తానన్నాడు.

మీ ఊళ్లో వడ్లాయన ఈ దారాన్ని ఏమంటాడు? దానికి ఏ రంగు పట్టిస్తాడు? ఇంట్లో తాతయ్యనో, అమ్మమ్మనో అడిగి, ఊరి పేరుతో సహా కింద రాయండి. నేను జిల్లాలవారీగా ఆ మాటలు పోగుచేస్తున్నాను.